అగ్గిపుల్లలతో చార్మినార్: ముందు పలక, తర్వాతే గోడ

(దృశ్యం: బల్ల మీద అగ్గిపుల్లల కుప్ప, పక్కన మూలమట్టం, ఫెవికాల్, బ్లేడు.)

నమస్తే. అగ్గిపుల్లలతో చార్మినార్ మొదలుపెట్టిన చాలామంది గోడ దగ్గరే వదిలేస్తారు. పుల్ల మీద పుల్ల అంటిస్తూ పోతారు, మర్నాటికి గోడ మెలి తిరుగుతుంది. ఫెవికాల్‌లోని నీళ్లు పీల్చి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుంటుంది. అందుకే ముందు పలకలు తయారుచేసి, వాటిలోంచే గోడలు కోద్దాం.

(స్క్రీన్ మీద: 1:200)

1591లో కట్టిన చార్మినార్ ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు, కమాను వెడల్పు 11 మీటర్లు. మన స్కేలులో, అంటే 200వ వంతుకి తగ్గిస్తే, గోడ 10 సెంటీమీటర్లు, కమాను ఐదున్నర. మొదటి మోడల్‌కి ఇది సరైన సైజు. ఇంతకంటే చిన్నదైతే కమాను చెక్కడం చాలా కష్టం.

పుల్లలు చెక్కవే కావాలి, మైనపు పుల్లలు పనికిరావు. బేగంబజార్‌లో బండిల్‌గా కొంటే అన్నీ ఒకే బ్యాచ్‌వి దొరికే అవకాశం ఎక్కువ, మందంలో తేడా తక్కువ ఉంటుంది. తల లేని క్రాఫ్ట్ పుల్లలు దొరికితే ఇంకా మంచిది.

(దృశ్యం: దగ్గరగా, ఒక్క పుల్ల.)

మామూలు పుల్ల సుమారు 4 సెంటీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. మంట చెక్కకి అందుకోవాలని తల వైపు మైనం పట్టిస్తారు. మైనం ఉన్న చోట ఫెవికాల్ పట్టదు. కాబట్టి ఒక్క తలే కాదు, మొత్తం 6, 7 మిల్లీమీటర్లు కోసేయండి. ఒక్కొక్కటిగా, నెయిల్ కట్టర్‌తో. కట్టగా పట్టి కత్తితో నొక్కితే రాపిడికి అంటుకోవచ్చు. కోసిన తలలు వెంటనే నీళ్ల గిన్నెలో వేయండి, పొడిగా పోగు పెట్టొద్దు. పిల్లలు చేస్తుంటే ఈ పని పెద్దవాళ్లే చేయాలి.

ఇప్పుడు ఏరాలి. పుల్లని వేళ్ల మధ్య కొద్దిగా వంచి చూడండి. నార ఏటవాలుగా ఉన్నది టక్కున విరుగుతుంది. వంకరవి, సన్నవి పక్కన పెట్టండి, లోపలి ఆసరాలకి వాడుకోవచ్చు.

(దృశ్యం: టైల్ మీద ప్లాస్టిక్ కవర్, దాని మీద మొదటి వరస.)

సమతలంగా ఉన్న టైల్ ముక్క మీద ప్లాస్టిక్ కవర్ పరవండి, ఫెవికాల్ దానికి అంటదు. మూడు పుల్లలు కలిస్తే 10 సెంటీమీటర్ల వరస. అతుకులు ఇటుక గోడలోలా ఒకదాని కింద ఒకటి రాకుండా, రెండో వరస సగం పుల్లతో మొదలుపెట్టండి. జిగురు టూత్‌పిక్‌తో, ఒక పక్కనే, సన్నటి గీతలా చాలు. పైకి పొంగితే తడిగుడ్డతో అప్పుడే తుడవండి. ఎండితే అక్కడ పాలిష్ పట్టదు, మచ్చ మిగిలిపోతుంది.

50 వరసలైతే చదరపు పలక పూర్తవుతుంది, 150 పుల్లలు. అలాంటిదే ఇంకొకటి చేసి, రెండూ బరువు కింద రాత్రంతా ఆరాక, నార అడ్డం నిలువుగా వచ్చేలా ఒకదాని మీద ఒకటి అంటించి మళ్లీ బరువు పెట్టండి. ఒక పొర వంగబోతే రెండోది ఆపుతుంది. గోడకి 300 పుల్లలు, పెట్టెకు 50 లెక్కన ఆరు పెట్టెలు. ఏరివేత కలిపితే ఎనిమిది.

కమానుకి కాగితం నిలువుగా మడిచి సగం ఆకారమే కత్తిరించండి. విప్పితే రెండు వైపులూ సమానం. ఆ ఒక్క నమూనాతోనే నాలుగు గోడలూ గీయాలి. ఫ్రెట్ సా, అంటే వంపులు కోసే సన్నటి రంపం, ఉంటే హాయి. బ్లేడైతే ఒకే గీతకు తెగాలని నొక్కొద్దు, తేలిగ్గా చాలాసార్లు గీయండి. ఎక్కువగా విరిగేది కమాను కొస. అందుకే అక్కడ మొదలుపెట్టి కిందికి రండి.

(దృశ్యం: మూలమట్టం ఆసరాగా రెండు గోడలు.)

రెండేసి గోడలు L ఆకారంలో అంటించి, ఆరాక జత కలపండి. మూలల్లో సన్నటి సందు ఉన్నా కంగారు పడొద్దు, మినార్లు కప్పేస్తాయి.

మినార్‌కి 7 మిల్లీమీటర్ల పెన్సిల్ తీసుకుని కాగితం మూడు చుట్లు చుట్టండి. చుట్టుకొలత 12 పుల్లలకి దాదాపు సరిపోతుంది. జిగురు కాగితానికి పుల్లలకి మధ్యే, పెన్సిల్‌కి తగలకూడదు. ఆరాక పెన్సిల్ లాగేయండి. బయట పుల్లల మధ్య కనిపించే సన్నటి గాళ్లని రంపపు పొట్టు, ఫెవికాల్ ముద్దతో నింపి, 180 నంబర్ సాండ్ పేపర్‌తో, ఆ తర్వాత 320తో రుద్దండి.

చివరగా లక్కర్, అంటే నీళ్లు కలపని మెరుపు పూత. నీళ్లతో కలిపే వార్నిష్ మొదటి కోటుగా వేస్తే పుల్లలు మళ్లీ ఉబ్బుతాయి. వాన పట్టిన రోజు లక్కర్ కూడా వద్దు, గాలిలో తేమకి పూత తెల్లగా పాలిపోతుంది. జులై, ఆగస్టుల్లో చేస్తుంటే ఎండ కాసిన రోజు మధ్యాహ్నం, కిటికీలు తెరిచి, పల్చటి కోట్లు రెండు వేయండి.