పేరు గుర్తులేదు, కథ గుర్తుంది: ఈ-బుక్కులను కథావస్తువును బట్టి సర్దుకోవడం

[తెర మీద: ఖాళీ వెతుకుపెట్టె, అందులో మిణుకుమంటున్న కర్సరు]

సంక్రాంతి సెలవుల్లో మా బాబాయి ఫోను చేశారు. "ఏరా, కొడుకు ముందు తండ్రి తప్పు ఒప్పుకునే కథ ఒకటి ఉండాలి. నువ్వు ఇస్తేనే చదివాను. మళ్లీ ఒకసారి పంపించు" అన్నారు. కథ పేరు గుర్తులేదట. రచయిత పేరు అసలే గుర్తులేదు. నా కంప్యూటర్లో 1,400 ఈ-బుక్కులున్నాయి. రచయితల పేర్ల వరుసలో, ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక, ముచ్చటగా పేర్చుకున్నవి. గంటన్నర వెతికాను. దొరకలేదు.

ఆయన అడిగిన తీరులో తప్పేమీ లేదు. కథలు అందరికీ అలాగే గుర్తుంటాయి. నేను సర్దిన పద్ధతే ఎవరి జ్ఞాపకానికీ అందేది కాదు.

[తెర మీద: గ్రంథాలయం బీరువా, పుస్తకం వెన్నుమీద 894.827]

కథావస్తువును బట్టి సర్దే పని గ్రంథాలయాలు ఎందుకు చేయలేదంటారా? మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి దక్కిన అంకె 894.827. కన్నీళ్లు పెట్టించే కథైనా, కడుపుబ్బ నవ్వించే కథైనా ఆ అంకె కిందికే వెళ్లాలి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్ గారు లండన్‌లో ఒక దుకాణంలో మెకానో బొమ్మ చూశారు. అవే ముక్కలను రకరకాలుగా బిగించి రకరకాల బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊహతోనే 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. ఒక పుస్తకానికి అనేక ముఖాలుంటాయన్న ఆలోచన అందులో ఉంది. అయినా సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన కూడా భాష, ప్రక్రియ, రచయిత, రచన అన్న వరుసకే కట్టుబడ్డారు. కారణం సులువే. అట్ట పుస్తకం ఒక్కటే ఉంటుంది, దాన్ని ఒక్క చోటే పెట్టగలం.

ఈ-బుక్కుకు ఆ బాధ లేదు. మనం మాత్రం ఫోల్డర్లు చేసుకుని ఆ బాధను చేతులారా తెచ్చిపెట్టుకుంటాం. ఫోల్డరు కూడా బీరువా అరే కదా. "కుటుంబం"లో పెట్టిన పుస్తకం "వలస"లో కనిపించదు. రెండు చోట్లా పెడితే రెండు కాపీలు. నాలుగు నెలలకు ఏది సరిదిద్దినదో ఏది పాతదో తెలియదు.

[తెర మీద: దండెం మీద ఏడు చేపలు, ఒకటి ఇంకా తడిగా]

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లేముందు ఒక చిక్కు తేల్చుకుందాం. కథావస్తువు అంటే ఏమిటి? ఏడు చేపల కథ అందరికీ తెలుసు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది. గడ్డిమోపును అడిగితే ఆవు మీద, ఆవును అడిగితే ఇంకొకరి మీద. చివరికి చీమ దగ్గర ఆగుతుంది: నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?

దీనికి ఏ పేరు పెట్టి దాచుకుంటారు? "చేపలు" అంటే అది విషయం. "గొలుసు కథ" అంటే అది నిర్మాణం. జానపద కథలకు ఆంటీ ఆర్నె 1910లో మొదలుపెట్టి, తరువాత స్టిత్ థాంప్సన్, 2004లో ఊథర్ పెంచిన అంతర్జాతీయ పట్టికలో గొలుసు కథలకు 2000తో మొదలయ్యే అంకెలున్నాయి. పరిశోధకులకు అది బంగారం. మా బాబాయికి పనికిరాదు. చేపలు తేవడం, ఎండబెట్టడం, అడుగుతూ పోవడం, అదంతా ఇతివృత్తం. ఆ జరిగినదంతా దేని గురించి? తప్పును పక్కవాడి మీదికి నెట్టడం గురించి. అదీ వస్తువు. ఆ మాటతో దాచుకుంటే, రేపు ఆఫీసులో ఫైలు ఆగిపోయి నలుగురూ ఒకరినొకరు చూపించుకునే కథ చదివినప్పుడు అది కూడా ఈ చేపల పక్కనే వచ్చి కూర్చుంటుంది.

నేను వాడే పరీక్ష ఒకటుంది. మాట చివర "డం" పెట్టి చూస్తాను. "నిరుద్యోగం" విషయం. "ఉద్యోగం పోయిందని ఇంట్లో దాచడం" వస్తువు. "వాన" విషయం. "వాన కోసం ఎదురుచూడడం" వస్తువు. "పగ", "అసూయ" వంటివి డం లేకుండానే నిలబడతాయి, వాటిని పీడించనక్కర్లేదు. "ప్రేమ" మాత్రం నిలబడదు. మొదట్లో ఆ ఒక్క మాట కింద బోలెడు పుస్తకాలు చేరాయి. అంతమంది ఉన్న గదిలోకి వెళ్లి ఎవరిని వెతుకుతాం? "ప్రేమించి చెప్పలేకపోవడం", "పెళ్లయ్యాక ప్రేమించడం" అని విడగొట్టాక ఊపిరాడింది.

[తెర మీద: క్యాలిబర్ తెర, ఎడమవైపు ట్యాగ్ బ్రౌజర్]

ఇక పని. ఈ-బుక్కులను సర్దిపెట్టే క్యాలిబర్ అనే ప్రోగ్రాము ఉచితం. సోనీ చదువు పరికరం ఒకటి లినక్స్‌తో పని చేయకపోవడంతో కోవిద్ గోయల్ 2006లో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో ట్యాగ్స్, అంటే పుస్తకానికి తగిలించే గుర్తు మాటలు, రాసే గడి ముందే ఉంటుంది. మీ కథావస్తువులను అందులో రాయకండి. పుస్తక వివరాలు ఇంటర్నెట్ నుంచి తెప్పించుకున్న ప్రతిసారీ "ఫిక్షన్", "జనరల్" లాంటివన్నీ వచ్చి అందులోనే పడతాయి. మన మాటలు ఆ రద్దీలో కలిసిపోతాయి.

వేరే గడి చేసుకుందాం. ప్రిఫరెన్సెస్‌లో "యాడ్ యువర్ ఓన్ కాలమ్స్" తెరవండి. లుకప్ నేమ్ దగ్గర ఇంగ్లిష్ చిన్న అక్షరాలే ఒప్పుకుంటుంది, "థీమ్" అని ఇంగ్లిషులో కొట్టండి. శీర్షిక తెలుగులోనే "వస్తువు" అని పెట్టుకోవచ్చు. రకం దగ్గర, కామాలతో విడదీసి ట్యాగుల్లా చూపించేది ఎంచుకోండి. క్యాలిబర్ మూసి తెరిస్తే ఎడమవైపు ట్యాగ్ బ్రౌజర్ అనే పట్టికలో కొత్త గడి కనిపిస్తుంది. ముందు ఒక పుస్తకం వివరాల్లో ఆ గడిలో వస్తువు పేరు రాయండి. ఆ పేరు అక్కడికి చేరాక, మిగతా పుస్తకాలను మౌసుతో లాగి దాని మీద వదిలితే చాలు.

పుస్తకానికి మూడు మాటలకు మించి ఇవ్వను. మొత్తం పట్టిక నలభై దాటనివ్వను. నాలుగోది రాయాలనిపిస్తే పుస్తకం గొప్పదని కాదు, మొదటి మూడూ సరిగా కుదరలేదని.

[తెర మీద: పక్కపక్కనే రెండు మాటలు, "ఎదురుచూడడం", "ఎదురుచూడటం"]

తెలుగులో రాసుకునేవారికి అసలు తిప్పలు ఇక్కడున్నాయి. మనకు చూడడం సరే, చూడటం సరే. కంప్యూటరుకు అవి రెండు వేరు మాటలు. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి. అంతకంటే మాయదారి తప్పు ఇంకొకటి: సున్న. "కుటుంబం" చివర అనుస్వారం కొట్టాల్సిన చోట తెలుగు అంకె సున్న పడిందనుకోండి, కంటికి రెండూ దాదాపు ఒకటే. పట్టికలో మాత్రం రెండు కుటుంబాలు వేరుపడి కూర్చుంటాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అది ఉన్న మాట వేరు, లేని మాట వేరు. నా దగ్గర "సాఫ్ట్‌వేర్ జీవితం" రెండుసార్లు కనిపిస్తుంటే కళ్లజోడు మార్చుకోవాలేమో అనుకున్నాను.

మందు తేలికే. ట్యాగ్ బ్రౌజర్‌లో తప్పు మాట మీద కుడి క్లిక్ చేసి, సరైన మాటను కాపీ చేసి తెచ్చి పేరు మార్చండి. రెండూ కలిసిపోతాయి, అన్ని పుస్తకాల్లోనూ ఒకేసారి. కొత్త మాట కొట్టేటప్పుడు కూడా కింద చూపించే సూచనల్లోంచే ఎంచుకోవడం మేలు.

ఇంకొక మాట: క్యాలిబర్ డిస్కులో చేసే ఫోల్డర్లకు తెలుగు పేర్లు రోమన్ అక్షరాల్లోకి మారి వింతగా కనిపిస్తాయి. చూసి బెంబేలెత్తకండి, చేత్తో వాటి పేర్లు మార్చకండి.

[తెర మీద: ఒక కథల సంపుటి విషయసూచిక]

తెలుగు పాఠకుల గ్రంథాలయంలో కథల సంపుటాలు చాలానే ఉంటాయి. ఒక్క పుస్తకంలో ఇరవై కథలు, ఇరవై వస్తువులు. పుస్తకానికి మూడే మాటలంటే మిగతా కథలు చీకట్లో పడతాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం పెట్టినప్పుడు పుస్తకాన్ని కాదు, కథనే లెక్కలోకి తీసుకున్నారు. మనమూ అదే చేయవచ్చు. క్యాలిబర్‌లో ఖాళీ పుస్తకం చేర్చే వీలుంది, ఫైలు లేకుండా వివరాలు మాత్రమే ఉండేది. నచ్చిన కథకు ఒక ఖాళీ పుస్తకం చేసి, కథ పేరు, వస్తువు రాసి, వ్యాఖ్యల గడిలో ఏ సంపుటిలో ఉందో రాయండి. అన్ని కథలకూ వద్దు, ఓపిక చచ్చిపోతుంది. మళ్లీ ఎవరికైనా చెప్పాలనిపించిన కథలకు చాలు. అలమరలోని అట్ట పుస్తకాలకూ ఇదే దారి.

చదివే పరికరానికి ఈ వస్తువులన్నీ వెళతాయా అంటే, అది పరికరాన్ని బట్టి. కోబోలో ఈ గడి నుంచే సేకరణలు తయారవుతాయి. కిండిల్‌లో ఆ సౌకర్యం ఆశించకండి.

[తెర మీద: వెతుకుపెట్టెలో "తండ్రి తప్పు ఒప్పుకోవడం"]

మూడు వారాలు రోజూ రాత్రి అరగంట కూర్చుని, నేను నిజంగా చదివిన మూడు వందల పుస్తకాలకు వస్తువులు రాశాను. తక్కినవి చదివినప్పుడు చూసుకోవచ్చు. తరువాత బాబాయి అడిగిన మాట కొట్టాను. నాలుగు వచ్చాయి. మూడు ఫోనుకు పంపించాను, అవి కావన్నారు. నాలుగోది ఖాళీ పుస్తకం, ఫైలు లేదు. వ్యాఖ్యల గడి తెరిచాను. "అట్ట పుస్తకం. బాబాయి తీసుకెళ్లారు, ఇంకా ఇవ్వలేదు."