ఒంటిమిట్ట: రాజు, వ్యాపారి, నవాబు మనిషి, ఒక టెంకాయ చిప్ప

[దృశ్యం: కడప–రాజంపేట రోడ్డు. ఊరి చెరువు, చెట్ల పైనుంచి కనిపిస్తున్న గోపురం.]

వాయిస్: అందరికీ నమస్కారం. కడపలో రాజంపేట వైపు వెళ్లే బస్సెక్కితే పాతిక కిలోమీటర్లకు అటూఇటూగా ఒంటిమిట్ట వస్తుంది. కోదండరాముడి గుడి. దీని మీద వీడియోలకు కొదవ లేదు. గోపురం చుట్టూ డ్రోన్ తిప్పి, "వేల ఏళ్ల చరిత్ర" అనేసి, సబ్‌స్క్రైబ్ చేసుకోమంటారు. మనం ఇంకో ప్రశ్న పట్టుకుందాం: ఈ గుడి ఖర్చు ఎవరు భరించారు? గుడి కట్టడం ఒక ఎత్తు. నూనె, నైవేద్యం, అర్చకుడి జీతం, పడిపోయిన గోడ మళ్లీ లేపడం, ఇవన్నీ వందల ఏళ్లు నడిపించడం ఇంకో ఎత్తు.

[దృశ్యం: తూర్పు గోపురం. ఎదురుగా విడిగా ఉన్న సంజీవరాయస్వామి గుడి.]

ముందు ఊరి కథలు. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మారిపోయి రాముడికి గుడి కట్టారని, వాళ్ల పేర్లతోనే ఊరు వెలసిందని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. గర్భగుడిలో రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు ఒకే రాతిలో ఉంటారు. పక్కన హనుమంతుడు ఉండడు. ఆయన రాముణ్ని కలవకముందు నాటి రూపం కాబట్టి లేడంటారు. హనుమంతుడికి గుడి ఎదురుగా, సంజీవరాయస్వామి పేరుతో విడిగా ఉంది. ఇవి నమ్మకాలు. నాకూ ఇష్టమే, చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నా మళ్లీ చెప్పమనేవాణ్ని. కానీ ఖర్చు లెక్క ఇందులో దొరకదు. దానికి శాసనాల దగ్గరికి పోవాలి.

[దృశ్యం: శాసనం రాయి, అక్షరాలు దగ్గరగా.]

శాసనం అనగానే దేవుణ్ని పొగిడే పద్యాలు అనుకుంటాం. చాలా శాసనాల్లో అసలు సంగతి భూమి లెక్క: ఏ ఊరు, ఎవరు, ఏ దేవుడికి రాసిచ్చారు. ఇక్కడ విజయనగర పాలకుడు సదాశివరాయల కాలం నాటివి ఉన్నాయి, 1555, 1558 సంవత్సరాలవి. గుడికి గ్రామాలు దానం చేసిన సంగతి వాటిలో ఉంది. గ్రామం దానం అంటే ఆ ఊరి పొలాల మీద వచ్చే ఆదాయం ఇకనుంచి రాములవారిది. దీపం వెలిగేది ఆ వడ్లతోనే. ఆ తేదీలు కూడా గమనించండి. 1565లో తళ్లికోట యుద్ధం, దాంతో విజయనగరం కూలింది. అంటే ఈ దానాలు జరిగిన పదేళ్లలోపే, ఇచ్చిన రాజ్యమే చితికిపోయింది.

[దృశ్యం: మధ్య మంటపం లోపల. కెమెరా నెమ్మదిగా ఒక స్తంభం కింది నుంచి పైకి.]

లోపలికి వచ్చాక చాలామంది చేసే పని, నేరుగా క్యూలోకి వెళ్లడం. ఒక్క పది నిమిషాలు ఈ మంటపంలో ఆగండి. 32 స్తంభాలు. కాళ్లు ముందుకు విసిరి లేచిన, సింహంలాంటి కల్పిత జంతువులైన యాళి మృగాలు, మూల స్తంభాల మీద వరసలు వరసలుగా అప్సరసలు. దక్షిణం వైపు కృష్ణుడు ఉన్నాడు, గోవర్ధనం ఎత్తినవాడు. ఒక చెయ్యి కొండ కింద, రెండోది నడుము మీద. కొండ మోస్తున్నవాడు నిలబడే తీరేనా అది! కింద ఆవులు మోరలెత్తి చూస్తున్నాయి. ఆ శిల్పి పశువుల మధ్య పెరిగినవాడే అయ్యుంటాడని నాకనిపిస్తుంది. ఇంకో స్తంభం మీద విల్లు, బాణం పట్టుకుని రాముడు, పక్కన లక్ష్మణుడు. చేత్తో తడమకండి, చూడండి చాలు. అందరూ తడిమి తడిమి కొన్ని ముఖాలు ఇప్పటికే నున్నగా అయిపోయాయి.

[దృశ్యం: మంటపం నుంచి బయట గోపురం వైపు.]

1652లో ఈ దారిన ఒక ఫ్రెంచి వజ్రాల వ్యాపారి వెళ్లాడు. పేరు టావెర్నియర్. గండికోటలో ఉన్న గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా దగ్గరికి అతని ప్రయాణం. రత్నాలు మీర్ జుమ్లా చూసి సరేననందే గోల్కొండ సుల్తాను కొనడట, అదీ సంగతి. వ్యాపారం పని మీద పోతున్నవాడు కూడా ఒంటిమిట్ట గోపురాన్ని మెచ్చుకున్నాడు.

[దృశ్యం: ఇమాంబేగ్ బావి.]

ఇప్పుడు ఈ బావి చూడండి. కడప నవాబు అబ్దుల్ నబీఖాన్ తరఫున ఈ ప్రాంతం చూసిన ఇమాంబేగ్ తవ్వించినది. కథ ఏమిటంటే, ఒకరోజు ఆయన గుడికొచ్చినవాళ్లను అడిగాడట, "మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?" అని. "మనసారా పిలిస్తే పలుకుతాడు" అన్నారు వీళ్లు. ఆయన మూడుసార్లు పిలిచాడు. లోపల్నుంచి "ఓ" అని వినిపించిందట. పలికిందీ లేనిదీ వాదించుకుంటే తెల్లారిపోతుంది. బావి మాత్రం కళ్లముందుంది. గుడి అవసరాలకు నీళ్లు కావాలి, ఆ ఖర్చు పెట్టింది నవాబు మనిషి.

పోతన మాది అంటే మాది అని ఈ ఊరికీ వరంగల్ దగ్గరి బమ్మెరకూ ఉన్న పేచీలోకి నేను దిగను. కామెంట్లలో మీరే కొట్టుకోండి.

[దృశ్యం: వావిలికొలను సుబ్బారావు చిత్రపటం. ఆ తర్వాత చేతిలో ఖాళీ టెంకాయ చిప్ప.]

నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి దగ్గరికి వచ్చాం. వావిలికొలను సుబ్బారావు గారు. 1863లో జమ్మలమడుగులో పుట్టారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులయ్యారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు కాబట్టి ఆంధ్ర వాల్మీకి అన్నారు.

అప్పటికి ఒంటిమిట్ట గుడి పాడుపడి ఉంది. ఒకప్పటి ఊళ్లూ మాన్యాలూ ఏమయ్యాయో, నిత్యం నైవేద్యానికే కటకట. పెద్ద పండితుడు, బిరుదున్నవాడు, ఏం చేయాలి? నలుగురు జమీందార్లకు ఉత్తరాలు రాసి ఊరుకోవచ్చు. ఆయన టెంకాయ చిప్ప చేతబట్టుకుని బిచ్చానికి బయలుదేరారు. ఊరూరా తిరిగి, అణా అయినా సరే, పట్టిన చిప్పలో వేయించుకున్నారు. ఆ డబ్బుతోనే గుడిని మళ్లీ నిలబెట్టారు. ఆ చిప్ప మీద ఒక శతకమే చెప్పారు, టెంకాయ చిప్ప శతకం అని! ఆయన 1936లో పోయారు. శాసనాల్లో రాజుల పేర్లున్నాయి, ఈ చిప్పలో అణా వేసిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నన్నడిగితే గుడి ముందు పెట్టాల్సిన బోర్డు వాళ్లది.

[దృశ్యం: కల్యాణ వేదిక, రాత్రి దీపాలు.]

రాష్ట్రం విడిపోయాక భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. దాంతో 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున రాములవారి ఉత్సవాలు ఇక్కడ చేస్తున్నారు. గుడి నిర్వహణ కూడా అదే ఏడాది టీటీడీ చేతికొచ్చింది. మిగతా చోట్ల కల్యాణం పగలు, ఇక్కడ రాత్రి, పండు వెన్నెల్లో. లక్ష్మీదేవి తోబుట్టువు చంద్రుడికి తన పెళ్లి చూపిస్తానని స్వామి మాటిచ్చాడని చెబుతారు.

[దృశ్యం: ఉదయం, ఖాళీ ప్రాంగణం.]

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. కల్యాణం రోజు జనం విపరీతం, ఆ రోజు స్తంభాలు చూడ్డం అయ్యే పని కాదు. శిల్పం కోసమైతే మామూలు రోజు పొద్దున్నే రండి. ఎండాకాలం మధ్యాహ్నం వస్తే ప్రాంగణంలో రాళ్ల మీద కాళ్లు మాడిపోతాయి, మన కడప ఎండ సంగతి కొత్తగా చెప్పాలా? దర్శనం అయ్యాక బావి దగ్గరికి కూడా వెళ్లండి. చాలామంది దాన్ని చూడకుండానే బస్సెక్కేస్తారు.