కట్టప్పకు తమ్ముడున్నడా? ఫ్యాన్ వికీలల్ల సోర్సుల లొల్లి: మూడు పద్ధతుల రివ్యూ

నమస్తే అందరికి. ఒక చిన్న ప్రశ్నతోని షురూ చేద్దాం. కట్టప్పకు తమ్ముడున్నడా?

బాహుబలి రెండు సినిమాలు ఎన్నిసార్లు చూసినా ఆ ముచ్చట రాదు. కానీ 2017ల వచ్చిన ఆనంద్ నీలకంఠన్ నవల ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ తెరిస్తే శివప్ప అని తమ్ముడు కనపడ్తడు. అదేమో దొంగ పుస్తకం కాదు, బాహుబలి పేరు మీదనే అధికారికంగ వచ్చిన ముందుకథ. ఇగ మీరొక ఫ్యాన్ వికీ, అంటే అభిమానులే కలిసి రాసుకునే సైటు, పెట్టిన్రనుకోండి. కట్టప్ప పేజీల పక్కపొంటి ముఖ్య వివరాల డబ్బా, ఇన్ఫోబాక్స్, ఉంటది గదా, అండ్ల ‘తోబుట్టువులు’ అన్న గడిల ఏం రాస్తరు? ఒకరు పేరు పెడ్తరు, ఇంకొకరొచ్చి తీసేస్తరు, రాత్రికి మళ్ల పెడ్తరు. తప్పు ఇద్దరిదీ కాదు. ఏ సోర్స్ లెక్కకొస్తదో ముందుగాల తేల్చుకోకపోవుడే అసలు తప్పు.

పెద్ద ఫ్యాన్ వికీలు మూడు ఈ చిక్కును మూడు తీర్ల విప్పినయి. శివప్పను వెంటేసుకొని ఒక్కొక్క దాంట్లకు పోదాం.

మొదటిది స్టార్ ట్రెక్ వికీ, మెమరీ ఆల్ఫా, 2003ల మొదలైంది. దాని సూత్రం గట్టిది: సీరియళ్లల్ల, సినిమాలల్ల తెర మీద కనపడ్డది, వినపడ్డదే లెక్క. నవలలు, కామిక్స్ లెక్క కాదు. అట్లని వాటిని చెత్తబుట్టల వెయ్యరు, పేజీ అడుగున ‘అపోక్రిఫా’ (లెక్కల లేని కథలు) అని వేరే సెక్షన్ల పెడ్తరు. ఈ లెక్కన శివప్ప ఇన్ఫోబాక్స్‌ల రాడు, కింద రెండు వాక్యాలల్ల ఉంటడు. చదివేటోనికి సమాచారం పోలే, సినిమాల ఉన్నదన్న భ్రమా రాలే. నాకు ఇది మస్తు నచ్చింది.

అయితే గట్టి సూత్రం పెట్టినంత మాత్రాన లొల్లి ఒడువదు. స్టార్ ట్రెక్ హీరో కెప్టెన్ కిర్క్ పేరే చూడుండ్రి. 1966 ఎపిసోడ్ల ఆయన పేరిట ఉన్న సమాధి రాయి మీద ‘జేమ్స్ ఆర్. కిర్క్’ అని ఉంటది. ఆ తర్వాతంత ‘జేమ్స్ టి. కిర్క్’. ఆ ‘టి’ అంటే టైబీరియస్ అని మొదట చెప్పింది 1974ల యానిమేషన్ ఎపిసోడ్. మధ్యల కొన్నేండ్లు ఆ యానిమేషన్‌నే లెక్కలకెళ్లి పక్కకు పెట్టిన్రు. 1991ల ఆరో సినిమాల పేరు వినపడ్డంక ఇగ అడిగేటోడు లేడు. అంటే ఒకే స్థాయి ఉన్న రెండు సోర్సులు కూడ కొట్టుకుంటయి. అప్పుడు ఎక్కువసార్లు వచ్చింది పైన రాయాలె, ఒక్కసారే వచ్చింది నోట్‌ల పెట్టాలె. రెండో దాన్ని చెరిపేస్తే మాత్రం ఆర్నెల్లకోసారి ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పట్టుకొని వస్తనే ఉంటరు.

రెండోది స్టార్ వార్స్‌ది, వూకీపీడియా. 2014 ఏప్రిల్ 25న ఆ సినిమాలు తీసే కంపెనీ లూకాస్‌ఫిల్మ్ గీత గీసింది: అప్పటి ఆరు సినిమాలు, క్లోన్ వార్స్ యానిమేషన్ ఇటు పక్క, పాత నవలలు, కామిక్స్ అన్నీ ‘లెజెండ్స్’ అని అటు పక్క. వికీ కూడ అట్లనే చీలింది. ల్యూక్ స్కైవాకర్‌కు రెండు పేజీలు, మీద రెండు ట్యాబులు. చూడనీకి ముద్దుగనే ఉంటది, కానీ ఒక్కొక్క పాత్రకు రెండు పేజీలు సాకాలె. ఐదుగురు రాసే తెలుగు వికీ దీన్ని ఎత్తుకుంటే ఒక ట్యాబ్ నిండుతది, రెండోది ఎండుతది. ఇంకో సంగతి, ఆ గీత గీసింది హక్కుదారు. గీత మనమే గీసి దానికి ‘అఫీషియల్’ అని పేరు పెట్టుకుంటే అది అబద్ధమైతది.

మూడోది బీబీసీ టీవీ సీరియల్ డాక్టర్ హూ వాళ్ల టార్డిస్ వికీ. ఏది లెక్క ఏది కాదు అని బీబీసీ ఎన్నడూ గీత గియ్యలే. అందుకని వీళ్లే నాలుగు చిన్న నియమాలు పెట్టుకున్నరు. అది కథ అయి ఉండాలె. హక్కుదారులందరి లైసెన్స్ ఉండాలె. అధికారికంగ విడుదల కావాలె. ఆ లోకంల జరిగినట్టే రాసి ఉండాలె. ఈ నాలుగు దాటితే టీవీ, నవల, ఆడియో, కామిక్ అన్నీ సమానం. ఒకదానికొకటి పడకపోతే ‘ఒక కథ ప్రకారం ఇట్ల, ఇంకో కథ ప్రకారం అట్ల’ అని రాస్తరు. మన దిక్కు ఐనవోలు జాతరల ఒగ్గు కథ విన్నోళ్లకు ఇది కొత్త కాదు. ఒక బృందం చెప్పినట్టు ఇంకో బృందం చెప్పదు, అయినా మల్లన్న కథ మల్లన్న కథే. ఈ పద్ధతిల శివప్ప నేరుగ ఇన్ఫోబాక్స్‌లకొస్తడు.

నా తీర్పు: అస్థిపంజరం మెమరీ ఆల్ఫాది తీసుకోండి, గుమ్మం దగ్గర కాపలాకు టార్డిస్ నియమాలు పెట్టుండ్రి. లైసెన్స్, విడుదల అన్న రెండు ప్రశ్నలతోనే సగం చెత్త బయట ఆగుతది. నెట్‌ఫ్లిక్స్ 2018ల ప్రకటించిన శివగామి సిరీస్ విడుదల కాలే, కాబట్టి అండ్ల ఏముండెనో అన్న వార్తలు కథ భాగంల రావు, ‘తెర వెనుక’ సెక్షన్లకు పోతయి. డైరెక్టర్ ఇంటర్వ్యూలూ అక్కడికే. ట్రైలర్ల ఉండి సినిమాల లేని షాట్ కూడ అంతే. కాలకేయులు మాట్లాడే కిలికి భాషల సినిమాల వినపడ్డ మాటలు పైన, తర్వాత పెంచిన పదాలు కింద.

ఇప్పుడు చాన మంది బోల్తా పడే జాగ, వెర్షన్లు. 2025 అక్టోబర్ 31న రెండు భాగాలు కలిపి ‘ది ఎపిక్’ అని వదిలిన్రు. కొన్ని సీన్లు, పాటలు కోసేసిన్రు. కోసినంత మాత్రాన 2015ల చూపించింది జరగనట్టు కాదు, అది లెక్కనే. కానీ టైమ్‌కోడ్ మారిపోయింది. ‘బాహుబలి, గంటన్నర దగ్గర’ అని రాసిన రిఫరెన్స్ ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. రెఫ్ ట్యాగుల (రిఫరెన్స్ రాసే కోడ్) నాలుగు ముక్కలుండాలె: పేరు, వెర్షన్, భాష, గంట–నిమిషం–సెకను. తెలుగు, తమిళం రెండిట్లనూ తీసిన సినిమా గనుక భాష రాయకపోతే డైలాగ్ రుజువు గాలిల ఉన్నట్టే. సబ్‌టైటిల్ చూసి పేరు స్పెల్లింగ్ తేల్చకుండ్రి, చెవితోని వినుండ్రి.

టైమ్ విషయంల ఇంకో మెలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాల్ అనే పాత టీవీ పద్ధతి డిస్కులల్ల, టీవీ రికార్డింగులల్ల దాన్ని 25 మీద ఉరికిస్తరు. అట్లయితే 60వ నిమిషంల ఉండాల్సిన సీన్ 57 నిమిషాల 36 సెకన్లకే వస్తది. ఇద్దరు ఎడిటర్ల టైములు 4 శాతం తేడా కొడుతున్నయంటే ఎవరూ అబద్ధం ఆడుతలేరు, ఫైళ్లు వేరు.

పని మొదలు పెట్టేటప్పుడు పెద్ద పాలసీ పేజీ రాయకుండ్రి, ఎవరూ చదువరు. ఒక షీట్ల ఆరు గడులు చాలు: పేరు, విడుదల తేదీ, హక్కుదారు, వెర్షన్, కథనా కాదా, మన నిర్ణయం. సినిమాలు, నవలలు, 2017 యానిమేషన్ ‘ది లాస్ట్ లెజెండ్స్’, 2024 ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’, అన్నీ అండ్ల ఎక్కించుండ్రి. తర్వాత వికీ మొత్తానికి పెట్టకముందు మూడు మొండి పేజీల మీద పరీక్షించుండ్రి: కట్టప్ప, శివగామి, మాహిష్మతి. ఈ మూడింట్ల నిర్ణయం ఎక్కడన్న విరిగితే షీట్ల దిద్దుకొని, తేదీ, కారణం చర్చా పేజీల రాసిపెట్టుండ్రి. కారణం రాయకుంటే వచ్చే ఏడాది అదే లొల్లి మళ్ల మొదటికెళ్లి.

నిర్ణయం మారినప్పుడు పేజీలు వెతకనీకి ముందే ఒక ఉపాయం చేసుకోవచ్చు. ప్రతి సోర్స్‌కు ఒక మూస (టెంప్లేట్), ఆ మూసల ఒక వర్గం (కేటగిరీ) పెట్టుండ్రి. శివప్ప నవలను పైకి తేవాలన్నా కిందికి దించాలన్నా ఆ వర్గం తెరిస్తే దాన్ని వాడిన పేజీలన్నీ వరుసగ కనపడ్తయి. మూస లేకుండ చేతితోని రాసిన రిఫరెన్సులు ఈ జల్లెడకు దొరకవు, వాటిని ఇప్పుడే మార్చుకోండి.