బొమ్మే లేని జిగ్‌సా పజిల్: రావెన్స్‌బర్గర్ క్రిప్ట్ బ్లాక్ రివ్యూ

అందరికీ నమస్కారం అండి. ఇదిగో, క్రిప్ట్ బ్లాక్. మొత్తం 736 ముక్కలు, అన్నీ నలుపే. బొమ్మ అన్నదే లేదు.

మామూలు పజిల్ అయితే ఆకాశం ఒక పక్కకి, ఇల్లు ఒక పక్కకి అని రంగుల్ని బట్టి ఏరుకుంటాం. ఇక్కడ ఆకారమే దిక్కు. ముందు అంచు ముక్కలు ఏరి ఫ్రేమ్ కట్టాను. మిగతావి బుడిపెల్ని బట్టి కుప్పలు పోశాను: రెండు బుడిపెలు ఎదురెదురుగా ఉన్నవి ఒకటి, పక్కపక్కన ఉన్నవి ఇంకోటి, మూడున్నవి వేరే, అలా. తర్వాత ప్రతి ఖాళీకీ కుప్పలోంచి ఒక్కోటీ పెట్టి చూడడమే. చాలా ఓపిక కావాలండి.

ఇలాంటి పజిల్‌కి కటింగే ప్రాణం. తప్పు ముక్క కూడా సర్దుకుని కూర్చుందనుకోండి, తప్పని చెప్పడానికి బొమ్మ లేదుగా! ఎన్నో వరసలయ్యాక గానీ బయటపడదు. అప్పుడు ఎక్కడ మొదలైందో వెతకడం నరకం.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఈ రెండూ పైనుంచి చూస్తే కలిసినట్టే ఉన్నాయి. ఇప్పుడు ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెడతా... బుడిపె మెడ దగ్గర సన్నటి వెలుతురు గీత కనబడుతోందా? ఇది తప్పు జోడీ. ఇది అసలు జోడీ, వెలుతురు దూరట్లేదు. నొక్కగానే టక్కున దిగుతుంది, వేలికే తెలిసిపోతుంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ లైటు పరీక్షే నన్ను గట్టెక్కించింది.

దీన్ని చేసే రావెన్స్‌బర్గర్ 1883లో జర్మనీలో మొదలైన కంపెనీ. ముక్కలు కోసే అచ్చుకి స్టీలు పట్టీలను చేత్తోనే వంచుతారు. ఆ పనితనం ఇక్కడ తెలుస్తుంది. అట్ట మందంగా, గట్టిగా ఉంది. పెట్టి తీసి, పెట్టి తీసి నలిపినా అంచుల్లో కాగితం పొర లేవలేదు. ఇంతకుముందు కొన్న ఒక చవక రకానికి, పేరు వద్దులెండి, వానాకాలం చెమ్మకే పొరలు విడిపోయాయి.

పూర్తయినదాన్ని ఒక పక్కన పట్టుకుని లేపుతున్నా... చూశారా, ఊడలేదు!

మొదటిసారి పజిల్ కొంటున్నవాళ్లకి మాత్రం ఇది వద్దండి, విసుగొచ్చి మధ్యలో వదిలేస్తారు. వెయ్యి ముక్కల బొమ్మలు రెండు మూడు పూర్తిచేసినవాళ్లు ధైర్యంగా తీసుకోండి. పెద్ద టేబుల్ ఒకటి ఖాళీ చేసుకోండి, పక్కన మంచి లైటు పెట్టుకోండి. వెండి రంగులో 654 ముక్కలది కూడా ఉంది, అది కావాలంటే కామెంట్‌లో చెప్పండి, చేస్తాను.