పొయ్యి కన్నా ముందు పొగగొట్టం

(పాత ఇళ్ల మరమ్మతుల మీద గుంటూరులో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో నిలబడి నిప్పు గురించి మాట్లాడాలంటే కాస్త ధైర్యం కావాలి. చలి కాచుకోవడానికి గోడలో పొయ్యి కట్టించుకోవాల్సిన అవసరం మన తాతలకు ఎప్పుడూ రాలేదు. ఊటీ, కూనూరుల్లో దొరలు కట్టుకున్న బంగళాల్లో ఫైర్‌ప్లేస్‌లు ఉంటాయి. మనకు అవి సినిమాల్లో చూసినవే. అయితే వంటింటి పొయ్యి, దాని నెత్తిన పొగగూడు, అక్కడినుంచి డాబా మీదికి లేచిన పొగగొట్టం మాత్రం మన పాత ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఇక్కడ కొత్తపేటలోనో అరండల్‌పేటలోనో, అటు విజయవాడ వన్‌టౌన్‌లోనో పాత మేడ ఎక్కి చుట్టూ చూడండి, ఒకటో రెండో కనబడతాయి. కింద పొయ్యిగట్టు మీద మాత్రం గ్యాస్ స్టవ్వో, మిక్సీయో, పాత డబ్బాలో కూర్చుని ఉంటాయి.

వాటిని మళ్లీ వెలిగించుకుందామని అడిగేవాళ్లు ఈమధ్య పెరిగారు. కొందరికి నాయనమ్మ చేసిన ముద్దపప్పు గుర్తొస్తుంది, కొందరికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో గుర్తొస్తుంది. రెండూ నాకు సమ్మతమే. వచ్చిన పేచీ ఏమిటంటే, తాపీ మేస్త్రిని తీసుకొచ్చి నేరుగా పొయ్యి దగ్గర నిలబెడతారు. ఏ టైల్స్ వేద్దాం, గట్టుకు గ్రానైట్ బాగుంటుందా, ఇదీ చర్చ. ఆ మాట తర్వాత. ముందు డాబా ఎక్కండి.

పొయ్యిలో మంట ఎంత బాగా మండినా పొగను పైకి తోసే బలం దానికి లేదు. పొగను లాగేది గొట్టం. వేడెక్కిన గాలి తేలికవుతుంది, పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి గదిలో గాలి పొయ్యి గుండా దూరుతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపల ఎంత వేడి నిలిస్తే, ఆ లాగుడు అంత గట్టిగా ఉంటుంది. గొట్టం చల్లగా ఉన్నా, తడిసినా, ఎక్కడైనా పగిలి పక్కనుంచి గాలి పీల్చినా లాగుడు చచ్చిపోతుంది. అప్పుడు పొగ వంటింట్లోనే ఉండిపోతుంది. అందుకే పాత పొయ్యి బాగుచేయడమంటే నా లెక్కలో ముప్పాతిక పని గొట్టానిదే.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను, ఖర్చేమీ లేదు. మిట్టమధ్యాహ్నం, సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు, చేతి అద్దం ఒకటి పట్టుకుని పొగగూట్లో వాలుగా పెట్టండి. అద్దంలో ఆకాశం ముక్క కనబడాలి. కనబడకపోతే పావురాల గూడో, తేనెపట్టో, ఎవరో మూసేసిన బండో ఉన్నట్టు. గొట్టం మధ్యలో వంపు తిరిగినా కనబడదనుకోండి, అప్పుడు పైనుంచి తాడుకు టార్చిలైటు కట్టి దింపి చూడాలి.

తర్వాత లోపలి మసిని చూడండి. చీపురుతో రాలిపోయే పొడి మసి అయితే గొడవ లేదు. నల్లగా, గాజులా మెరుస్తూ, గోకినా ఊడని పూత కనబడితే మాత్రం జాగ్రత్త. పచ్చి కట్టెలు తగలేసిన ఇంట్లో పొగ చల్లబడి గోడకు అంటుకుని అలా తారులా గట్టిపడుతుంది. దానికి నిప్పు అంటుకుంటుంది. ఒకసారి అంటుకుంటే గొట్టమంతా కొలిమి అయిపోతుంది. ఆ పూతను చెక్కించాకే అగ్గిపుల్ల గీయాలి.

ఒక మేకు తీసుకుని ఇటుకల మధ్య అతుకుల్లో గీకండి. తెల్లగా, మెత్తగా పొడి రాలితే సున్నపు కట్టుబడి. బూడిదరంగులో గట్టిగా, మేకునే వంచేలా ఉంటే తర్వాత ఎవరో సిమెంటు పూశారన్నమాట. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

కొత్తపేటలో ఒక ఇల్లు. గ్యాస్ వచ్చాక వానలో పొయ్యిలోకి నీళ్లు పడుతున్నాయని గొట్టం నోటికి సిమెంటు బిళ్ల వేసి మూసేశారు. కింద పొగగూటికి ప్లైవుడ్ కొట్టి అల్మరా చేశారు. రెండు వైపులా ఊపిరి ఆగిపోయింది. కొన్నేళ్లకు వంటింటి గోడ మీద తేనెరంగు మరకలు మొదలయ్యాయి. ఎన్నిసార్లు రంగు వేయించినా అవే మరకలు, అదే చోట. పైన పైపు లీకేమోనని ప్లంబర్ని పిలిచారు, వాటర్‌ప్రూఫింగ్ చేయించారు. గోడలోకి చేరిన చెమ్మ లోపలి పాత మసిని కరిగించి, సున్నం గుండా బయటికి నెడుతోంది. అది రంగు వేస్తే ఆగేది కాదు. పైన బిళ్ల తీసేసి, వాన పడకుండా గాలి ఆడేలా నాలుగు కాళ్ల మీద రాతి టోపీ పెట్టాం, కింద ప్లైవుడ్‌కు జాలీ కొట్టించాం. గోడ ఆరాక పాడైన గచ్చు తీసి మళ్లీ సున్నం పూశాం. ఆ ఇంట్లోవాళ్లు పొయ్యి వెలిగించనే లేదు, వెలిగించే ఉద్దేశమూ లేదు. అదీ సరైన నిర్ణయమే. వెలిగించకపోయినా గొట్టానికి కిందా పైనా గాలి ఆడాలి, అంతే.

వెలిగించాలనుకునేవాళ్లు ఇంకొక్కటి చూసుకోవాలి. పాత మిద్దెల్లో టేకు దూలాలు గోడలో దూర్చి ఉంటాయి. కొన్ని ఇళ్లలో దూలం చివర సరిగ్గా గొట్టం గోడలోకే వచ్చి ఆగుతుంది. ఏళ్ల తరబడి వేడి తగిలిన కర్ర కొత్త కర్రకన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. గొట్టానికీ కర్రకూ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలని అమెరికాలో నియమం. మన పాత ఇళ్లలో ఆ ఖాళీ దాదాపు ఉండదు. దూలం చివర తట్టి చూడండి, బొగ్గులా నల్లబడి ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఆ పొయ్యిని మాత్రం అలంకారానికే ఉంచండి. ఇందులో నేను బేరమాడను.

ఇక సిమెంటు సంగతి. ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లో. మన ఊళ్లలో సామాన్యుడి గోడ దాకా రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. అందుకే పాత ఇళ్లన్నీ డంగు సున్నం మీద నిలబడ్డాయి. సున్నం, ఇసుక, ఇటుకపొడి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు. ఇప్పటి మేస్త్రికి పొయ్యి అప్పగిస్తే అలవాటు కొద్దీ సిమెంటు కలుపుతాడు. దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిమెంటులోని సున్నం విడిపోతుంది. చల్లబడ్డాక గాలిలోని తేమ పీల్చి మళ్లీ ఉబ్బుతుంది, పగులుతుంది. కట్టెల మంట అంతకన్నా చాలా వేడి. అందుకే సిమెంటు పొయ్యి మొదటి సంక్రాంతికి బ్రహ్మాండంగా ఉంటుంది, రెండో సంక్రాంతికి పెచ్చులూడుతుంది.

అలాగని మంట తగిలే చోట సున్నం కూడా వద్దు. మరీ వేడెక్కితే గట్టిపడిన సున్నం మళ్లీ బట్టీలో కాల్చినట్టే అయిపోతుంది. మన ఆడవాళ్లకు ఈ లెక్క ఏ ఇంజనీరూ చెప్పకుండానే తెలుసు. నిప్పు తగిలేచోట పుట్టమన్ను, ఊక, పేడ కలిపి మెత్తేవారు, పగిలితే మళ్లీ అలికేవారు. పొగ తగిలేచోట సున్నం. వాన తగిలే పైభాగానికి ఇటుకపొడి కలిపిన సున్నం. నేను ఇప్పటికీ ఇదే క్రమం పాటిస్తాను, పుట్టమన్ను దొరకని చోట మంటకు తట్టుకునే ఇటుక, మట్టి, అంటే ఫైర్‌బ్రిక్, ఫైర్‌క్లే వాడతాను. అతుకులు మాత్రం వీలైనంత సన్నగా ఉండాలి. లావు అతుకే ముందు రాలుతుంది.

పేడ అనగానే ముందు వరుసలో ఎవరో నవ్వారు. పూర్వం ఇంగ్లండులో ఇళ్ల పొగగొట్టాల లోపల పూసింది కూడా సున్నంలో ఆవుపేడ కలిపే! వేడికి తట్టుకుంటుంది, బీటలు తక్కువ. వాళ్ల తాపీవాళ్లకూ మనవాళ్లకూ ఒకే తెలివి తట్టింది.

పొయ్యి ఆకారం గురించి క్లుప్తంగా. పక్కన కోడిపొయ్యి పెట్టి ఒకే మంటతో రెండు గిన్నెలు కాచుకోవడం మన ఇళ్లలో పాత పద్ధతే. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు 1950ల్లోనే ఆ కోవలో పొగ లేని పొయ్యి రూపొందించారు. మంట వెళ్లే దారి పొడవునా గిన్నెలు, చివర పొగగొట్టం. 1980ల్లో కేంద్రం మెరుగైన పొయ్యిల కార్యక్రమం దేశమంతటా నడిపింది. 1999లో దీపం పథకంతో గ్యాస్ పల్లెల్లోకి వచ్చాక ఈ ప్రయోగాలన్నీ అటకెక్కాయి. వాటి గుర్తుగా కొన్ని ఇళ్ల మీద ఆస్బెస్టాస్ గొట్టాలు మిగిలిపోయాయి. అవి కనబడితే రంపం పెట్టకండి, సుత్తితో కొట్టకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దూరితే బయటికి రాదు. తడిపి, ముక్కలు కాకుండా, తెలిసినవాళ్లతో దింపించండి.

కొండ ప్రాంతంలో పాత బంగళా కొన్నవాళ్లు కూడా ఈ సభలో ఉన్నారని విన్నాను. అక్కడిది అసలు ఫైర్‌ప్లేస్. వంటకు కాదు, గది వేడెక్కడానికి. దానికి 1796లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే ఆయన చెప్పిన సూత్రం నేటికీ పనికొస్తుంది: పొయ్యి లోతు తగ్గించు, పక్కగోడలు ఏటవాలుగా తిప్పు, పైన పొగ దూరే గొంతు సన్నం చెయ్యి. గొట్టం లోపలి వైశాల్యం పొయ్యి నోటి వైశాల్యంలో సుమారు పదో వంతు ఉండాలనేది స్థూలమైన కొలత. మీ మేస్త్రి అందం కోసం నోరు పెద్దది చేస్తానంటే ఈ పదో వంతు గుర్తు చేయండి.

మన ఊళ్లో అసలు చిక్కు వేరు. గొట్టం కట్టినప్పుడు చుట్టూ పెంకుటిళ్లే. ఇప్పుడు పక్కన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. గాలి ఆ గోడను కొట్టుకుని కిందికి దిగి, మన గొట్టం నోట్లోంచి పొగను వెనక్కి తోస్తుంది. గొట్టం డాబా మీద కనీసం 3 అడుగులు లేవాలి, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి అనేది పాటించదగ్గ నియమం. పక్క అపార్ట్‌మెంట్‌ను మించి కట్టలేం కదా. అలాంటి ఇంట్లో గాలికి తిరిగే టోపీ పెట్టి చూడొచ్చు. అదీ పనిచేయకపోతే కట్టెల పొయ్యిని పెరట్లోకి మార్చుకోవడమే మర్యాద. పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలకు కూడా మంచిది.

వంటింట్లో ఎలక్ట్రిక్ చిమ్నీ ఉందా? అయితే కట్టెల పొయ్యి వెలిగినంతసేపూ దాన్ని ఆపండి, కిటికీ తెరవండి. ఫ్యాను గదిలో గాలిని బయటికి లాగేస్తుంటే ఆ లోటు పూడ్చడానికి పొగగొట్టం గుండా గాలి కిందికి దిగుతుంది, పొగతో సహా. కంటికి కనబడే పొగ దగ్గిస్తుంది కాబట్టి మనం బయటికి పరిగెడతాం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్న వాళ్లు తెల్లారి లేవకపోవడానికి కారణం ఇదే.

కట్టెల గురించి గుంటూరువాళ్లకు నేను చెప్పేదేముంది. తుమ్మ, సరుగుడు బాగా ఎండినవి చాలు. రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే టంగుమనాలి, దబ్బుమంటే పచ్చి. పత్తి కట్టె, కందికట్టె రాజేయడానికి బాగుంటాయి. మిరపకట్టె జోలికి మాత్రం వెళ్లకండి, వీధి వీధంతా తుమ్ముతుంది.

చివరగా సున్నం. పిడుగురాళ్ల పక్కనే పెట్టుకుని మనం సిమెంటు వెంట పడటం నాకు అర్థం కాదు. అక్కడి బట్టీల నుంచి కాల్చిన సున్నపురాయి తెప్పించండి. నీళ్లలో వేసేటప్పుడు సలసలా కాగుతుంది, చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. ప్లాస్టిక్ బకెట్‌లో అసలే వద్దు, కరుగుతుంది. నీళ్లలోకే సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. ముద్ద ఎండకుండా పైన నీళ్లు నిలబెట్టి కొన్ని వారాలు నాననివ్వండి, ఎంత నానితే అంత వెన్న. పూసిన తర్వాత గోనెపట్టాలు కప్పి తడుపుతూ నెమ్మదిగా ఆరనివ్వాలి. మన ఎండకు వదిలేస్తే బీటలిస్తుంది. మొదటి రోజే అన్నం వండేయకండి. చిన్న చిదుగుల మంటతో మొదలుపెట్టి, రోజూ కాస్త పెంచుతూ వెళ్లండి.

ఇంటి ఫోటోలు, కొలతలు తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. అతుకుల్లోంచి గీకిన పొడి పొట్లం కట్టి తెచ్చినవాళ్లది ముందు చూస్తాను.