గుర్రాల బండి కింద తెల్ల ట్యాంకు

అల్లుడు: రికార్డ్ అవుతోంది మావయ్యా. స్టూలు కొంచెం ముందుకు జరుపుకో. అందరికీ నమస్కారం. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మావయ్య కొట్టు, వెనక గది. షట్టర్ సగం దించాం. అయినా బండ్ల మోత వినిపిస్తుంది, సర్దుకోండి.

మావయ్య: సగం దించితే కొట్టు కట్టేశానని వెళ్లిపోతారు జనం.

అల్లుడు: గంటే కదా. 



ఇవాళ్టి విషయం గుర్రాల ట్రైలర్. టెక్సస్‌లో మా అక్కావాళ్లు ఒక పాత ట్రైలర్ కొన్నారు. దాని కింద మురుగునీటి ట్యాంకు పగిలింది, పైపులు విరిగాయి. మావయ్య ఇక్కడ కూచుని వీడియో కాల్‌లో దాన్ని బాగు చేయించాడు. మూడు వారాలు పట్టింది.

మావయ్య: చేసింది మీ బావ. ఆ ఎండలో బండి కింద వెల్లకిలా పడుకున్నది అతను. నేను నోటితో చెప్పానంతే.

అల్లుడు: మనవాళ్లకి ఆ బండి ఎలా ఉంటుందో చెప్పాలి. వెనక సగంలో గుర్రాలు నిలబడే గదులుంటాయి. ముందు సగంలో మనుషులకి మంచం, చిన్న వంటగట్టు, స్నానాల గది, టాయిలెట్. మొత్తం పికప్ బండి వెనక తగిలించుకుని వెళ్లిపోతారు. మా మేనకోడలు గుర్రపుస్వారీ పోటీలకి వెళ్తుంది. శని, ఆదివారాలు అక్కడే పడక.

మావయ్య: గుర్రాల మూత్రం కూడా ఆ ట్యాంకులోకే పోతుందేమో అనుకున్నాను మొదట. కాదట. అది కింద రబ్బరు మ్యాట్ల మీదే పడుతుంది. మ్యాట్లు ఎత్తి కడగకపోతే, కింద అల్యూమినియం నేలని తినేస్తుంది. ఆ నేల వాటంగా, అంటే ఒక పక్కకి వాలుగా ఉంటే ఎక్కడి నీరు అక్కడే జారిపోతుంది కదా అని అడిగాను అమ్మాయిని.

అల్లుడు: మొదలైంది వాటం.

మావయ్య: వాటం లేనిదే మన పని లేదు అల్లుడూ.

అల్లుడు: సరే. ట్యాంకులు మూడు. మంచినీళ్లకి ఒకటి. వంటగట్టు, స్నానం నీళ్లకి ఒకటి, దాన్ని అక్కడ గ్రే అంటారు. టాయిలెట్‌ది ఇంకొకటి, బ్లాక్. హైవే మీద వెళ్తుంటే ట్రైలర్ టైరు పేలింది. ఊడిన రబ్బరు పట్టీ తిరుగుతూ తిరుగుతూ బండి అడుగుని బాదేసింది. గ్రే ట్యాంకు మూల బీటవేసింది, జానెడు. కింద లాగి తెరిచే వాల్వు విరిగింది. పైపు ముక్కలు రోడ్డు మీదే పోయాయి.

మావయ్య: గుర్రాలకి ఏమీ కాలేదు. అది ముందు చెప్పు.

అల్లుడు: గుర్రాలు బాగున్నాయి. బావ మొదట ఏం చేశాడంటే, రెండు ముద్దలు కలిపి పిసుకుతాం చూడు, ఆ ఎపాక్సీ తెచ్చి బీట మీద మెత్తాడు. రాయిలా గట్టిపడింది. బాగైపోయిందని ట్యాంకు నింపి బండి కదిపితే బిళ్లకి బిళ్ల ఊడి కింద పడింది.

మావయ్య: అంటదు మరి. తెల్లగా, కొవ్వొత్తిలా నున్నగా ఉందా ట్యాంకు అని అడిగాను. ఉందన్నాడు. గోరుతో గీస్తే గీత పడుతోందా? పడుతోందన్నాడు. బ్లేడుతో చిన్న పెచ్చు తీసి గిన్నెడు నీళ్లలో వెయ్యమన్నాను. తేలింది. తేలింది, గోరు గీతా పడింది అంటే పాలీ ఎథిలీనే అయ్యుంటుంది. మన డాబాల మీద నల్ల ట్యాంకులుంటాయే, అదే జాతి. దానికి ఎపాక్సీ పట్టదు, పీవీసీ సొల్యూషన్ పట్టదు. మామూలు గమ్ము ఏది రాసినా తామరాకు మీద నీళ్లే.

అల్లుడు: మునిగితే?

మావయ్య: మునిగితే పీవీసీ గానీ, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ గానీ. ఏబీఎస్ అయితే దూదిని అసిటోన్‌లో, అదే గోళ్ల రంగు తుడిచే ద్రవంలో తడిపి రుద్దితే జిగురు జిగురుగా అవుతుంది. అప్పుడు అదే ఏబీఎస్ ముక్కల్ని అసిటోన్‌లో నానేస్తే పేస్టు తయారవుతుంది. దాంతోనే అతికించెయ్యొచ్చు, ఒళ్లో ఒళ్లు కలిసిపోతుంది. మీ బావ బండికి చిక్కేమిటంటే ట్యాంకు పాలీ ఎథిలీన్, పైపులు నల్ల ఏబీఎస్. ఒకే బండి, రెండు వైద్యాలు.

అల్లుడు: ట్యాంకు దించాల్సి వచ్చింది.

మావయ్య: దించకుండా ఎలా? ముందు బండిలో గ్యాస్ సిలిండర్ల వాల్వులు మూయించాను. ట్యాంకు నాలుగుసార్లు కడిగించాను. ఆరబెట్టాక బీట రెండు చివర్లా చిన్న కన్నాలు వేయించాను. ఆ కన్నం లేకపోతే పైన ఎంత అతికినా బీట ముందుకి పాకుతూనే ఉంటుంది. తర్వాత బీట పొడుగునా గాడి తీసి, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీ పెట్టి వేడి గాలి గన్‌తో వెల్డింగ్. ఈ ప్లాస్టిక్ 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కడ్డీ ఒక్కటీ కరిగితే చాలదు, ట్యాంకు ఒళ్లు కూడా మెరుపు రావాలి. రెండూ కరిగి కలవాలి. తిత్లీ తుఫాను అప్పుడు పలాస వైపు ఎన్ని ట్యాంకులకి ఇలా వేశానో లెక్క లేదు.

అల్లుడు: 2018 అక్టోబరు.

మావయ్య: పదకొండో తారీకు తెల్లవారుజామున. జీడితోటలు, కొబ్బరితోటలు నేలకి ఒరిగిపోయాయి. డాబాల మీద ఖాళీగా ఉన్న ట్యాంకులు పొలాల్లోకి ఎగిరిపోయాయి. నిండుగా ఉన్నవి కదల్లేదు. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు మరి.

అల్లుడు: అక్కావాళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు. అంటే 150 లీటర్లు.

మావయ్య: 150 కిలోలు రెండు రేకు పట్టీల మీద వేలాడుతూ రోడ్డు మీద ఊగుతుంది. పాత పట్టీలు తుప్పు పట్టి ఉన్నాయి, మార్పించాను. మళ్లీ పైపు బిగించేటప్పుడు అడుగుకి పావు అంగుళం వాటం ఇమ్మన్నాను. అతను లెవెల్ పెట్టి అంతా సరిగ్గా బిగించాడు. కానీ బండి నిలబెట్టిందే వాలు నేల మీద! ముందు జాకీ ఎత్తి బండిని సమం చేసి, అప్పుడు కొలవాలి కదా. మొత్తం విప్పించాను.

అల్లుడు: అక్క ఆ రోజు ఫోన్ పెట్టేసింది.

మావయ్య: కోపం వస్తే రానీ. నీరు పైకి ఎక్కదు కదా, ఎవరి కోపం చూసీ.

అల్లుడు: అక్కావాళ్లు ఇంకోటి కూడా అడిగారు. బాగు చేశాక కూడా స్నానాల గదిలో కంపు ఎందుకొస్తోందని. దీని గురించే మనిద్దరం ఆ రోజు గొడవ పడ్డాం.

మావయ్య: గొడవేమిటి, నువ్వు నవ్వావు.

అల్లుడు: నవ్వలేదు మావయ్యా.

మావయ్య: నవ్వావు. మీ బావ బ్లాక్ ట్యాంకు కూడా పగిలిందేమో చూద్దామని టాయిలెట్ సీటు విప్పి, ఆ కన్నం మీద ముఖం పెట్టి టార్చి వేశాడు. చిన్న గది, తలుపు వేసి ఉంది. ట్యాంకులో గ్యాస్ బయటికి పోయే గాలి గొట్టం విరిగిపోయి ఉంది. నేను ఇక్కడ నుంచి అరుస్తుంటే నువ్వు నవ్వావు.

అల్లుడు: అది మూడంగుళాల కన్నం. మనిషి అందులో పడిపోడు. అంత అరవక్కర్లేదు అన్నాను, అంతే. ఇప్పటికీ అదే అంటాను. సెప్టిక్ ట్యాంకు వేరు, అది వేరు. పది అడుగుల గొయ్యికి ఉన్న భయాన్ని తెచ్చి చిన్న డబ్బాకి పెడితే, బావలాంటి వాడు రేపు ఏ పనీ ముట్టుకోడు.

మావయ్య: గొయ్యి చిన్నదని గ్యాస్ మెత్తగా ఉండదు అల్లుడూ. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది చూడు, హైడ్రోజన్ సల్ఫైడ్. దాని మోసం ఏమిటంటే కొంచెం ఉంటే కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు చచ్చుబడిపోయి ఆ వాసనే తెలియదు. కంపు పోయింది కదా అని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు.

అల్లుడు: దిగడానికి అక్కడ మెట్లు లేవంటున్నాను.

మావయ్య: ముఖం పెట్టాడా లేదా?

అల్లుడు: పెట్టాడు.

మావయ్య: మరి!

అల్లుడు: సరే, తలుపు తెరిచి, ఫ్యాను వేసుకుని చూడమంటే సరిపోయేది.

మావయ్య: అదే, ఫ్యాను కూడా ఇష్టమొచ్చినట్టు వెయ్యకూడదు. పైకప్పు ఫ్యాను గాలిని బయటికి లాగుతుంది కదా. అది తిరుగుతుండగా టాయిలెట్ మూత తెరిస్తే ట్యాంకులో గ్యాస్ అంతా గదిలోకే వస్తుంది. మీ అక్క చెప్పిన కంపు అదే. మూత తెరిచే ముందు ఫ్యాను ఆపమన్నాను. రెండోది, సింకు కింద వంపు పైపులో నీళ్లు ఉండాలి. బండి ఊగి ఆ నీళ్లు పోతే కంపుకి దారి దొరికినట్టే. ఊరు చేరగానే ఒక గ్లాసు నీళ్లు పొయ్యాలి. మూడోది గాలి గొట్టం. అది కప్పు దాటి పైకి వెళ్లాలి.

అల్లుడు: ఇవన్నీ నేను ఒప్పుకుంటా. అరుపు ఒక్కటే ఎక్కువ అంటున్నా.

మావయ్య: అరుపు ఎక్కువ కాదు. నేను చూశాను కాబట్టి అరిచాను.

అల్లుడు: ఎప్పుడు?

మావయ్య: నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. ఊరి పేరు చెప్పను. కొత్త ఇల్లు, సెప్టిక్ ట్యాంకు నిండింది. ఒకతను బకెట్టు పట్టుకుని దిగాడు. రెండో బకెట్టు పైకి రాలేదు. పిలిస్తే పలకలేదు. వాళ్ల తమ్ముడు చొక్కా విప్పేసి దూకబోయాడు. నేను, మేస్త్రీ అతని నడుం పట్టుకున్నాం. కొరికాడు నన్ను. ఇదిగో, ఈ మచ్చ. వదిలి ఉంటే ఇద్దరూ పోయేవారు. ఒకరి కోసం ఇంకొకరు దిగి పోతారు, ఎక్కడ విన్నా ఇదే కథ. ఆ తమ్ముడు ఇప్పటికీ నాతో మాట్లాడడు.

అల్లుడు: ...ఇది నాకెప్పుడూ చెప్పలేదు.

మావయ్య: చెప్పడానికి ఏముంది.

అల్లుడు: మావయ్యా, నేను ఒకటి చెప్పాలి. పోయిన నెల మా వీధిలో ఒక ఇంటికి ఇద్దరు వచ్చారు. తాడు, బకెట్టు. ముసుగు లేదు, ఏమీ లేదు. ఒకతను నడుం దాకా దిగాడు. నేను మేడ మీద నుంచి చూశాను.

మావయ్య: చూసి?

అల్లుడు: చూశాను. తర్వాత లోపలికి వచ్చేశాను. వాళ్లకి అలవాటే కదా అనుకున్నాను.

మావయ్య: అలవాటా! ఊపిరితిత్తికి అలవాటు ఉంటుందా?

అల్లుడు: వాళ్లకి ఏమీ కాలేదు. సాయంత్రానికి వెళ్లిపోయారు.

మావయ్య: కాలేదు కాబట్టి నువ్వు ఇవాళ చెప్పగలుగుతున్నావు. 2013లోనే చట్టం వచ్చింది, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ప్రమాదకరంగా సెప్టిక్ ట్యాంకులోకి దించకూడదని. దించిన వాడికి శిక్ష. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇమ్మంది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ముప్పై లక్షలు ఎందుకు అల్లుడూ? ఒక్క ఫోన్ చేస్తే ట్యాంకర్ బండి వచ్చి మోటారుతో లాక్కుపోతుంది. ట్యాంకర్‌కి ఇచ్చే డబ్బు మిగుల్చుకుందామని మనిషిని దించుతారు. దిగేది ఎవరి పిల్లలో నీకు తెలుసు, నాకు తెలుసు. మనింట్లో వాళ్లని దించుతామా?

అల్లుడు: దించం.

మావయ్య: మరి ఎందుకు లోపలికి వచ్చేశావు?

అల్లుడు: ఇంటాయన తెలిసినాయన. ఏమనాలో తోచలేదు.

మావయ్య: "ట్యాంకర్ నంబరు ఇస్తాను, ఆపండి" అనాలి. అంతే. గొడవ అక్కర్లేదు.

అల్లుడు: ఊఁ.

మావయ్య: నీళ్లు తాగు.

అల్లుడు: తాగుతా. ...అరగంట దాటింది. ట్రైలర్ పైపుల సంగతి మిగిలిపోయింది.

మావయ్య: పైపులదేముంది. విరిగిన ఏబీఎస్ పైపు కోసేసి కొత్త ముక్క వేశాడు. ట్యాంకు దగ్గర మాత్రం సొల్యూషన్‌తో అతికించొద్దన్నాను. రబ్బరు కప్లింగ్, రెండు క్లిప్పులు. బండి ఊగుతుంది, ఆ జాయింటు కొంచెం ఆడాలి. పైగా రేపు మళ్లీ పాడైతే స్క్రూడ్రైవర్‌తో విప్పుకోవచ్చు. వాల్వు కొత్తది. నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచమన్నాను, కింద పాత పేపర్ పరిచి. చుక్క పడితే పేపర్ మీద తెలిసిపోతుంది.

అల్లుడు: పడిందా?

మావయ్య: మొదటిసారి వాల్వు దగ్గర పడింది. రబ్బరు సీలు మడతపడింది. రెండోసారి లేదు.

అల్లుడు: చలికాలం గురించి కూడా అడిగింది అక్క. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చినప్పుడు ఇళ్లలోనే పైపులు పగిలిపోయాయి కదా.

మావయ్య: నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది. పైపులో నీరు నిలవకపోతే ఉబ్బడానికి ఏమీ ఉండదు. నిలవకుండా ఉండాలంటే...

అల్లుడు: వాటం.

మావయ్య: వాటం! సింకు కింద వంపులో మాత్రం నీరు ఎలాగూ నిలుస్తుంది. అందులో గడ్డకట్టని మందు పొయ్యాలి, ఇంజన్‌లో వేసేది కాదు, అలాంటి బండ్ల కోసమే అమ్మేది.

అల్లుడు: ఆ ట్రైలర్ ట్యాంకులు నిండితే ఎక్కడ వదులుతారని కూడా అడుగుతారు మావయ్యా, వినేవాళ్లు. ఎక్కడ పడితే అక్కడ కాదు. క్యాంపు మైదానాల్లో డంప్ స్టేషన్ ఉంటుంది. గొట్టం తగిలించి ముందు బ్లాక్ వదలాలి, తర్వాత గ్రే. సబ్బునీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది.

మావయ్య: మీ వీధిలో ఆ ఇల్లు ఎన్నో నంబరు?

అల్లుడు: ఇప్పుడెందుకు?

మావయ్య: ట్యాంకర్ వాడి నంబరు రాసిన కాగితం నేనే వెళ్లి ఇస్తాను. మళ్లీ నిండుతుంది కదా అది.

అల్లుడు: నేనూ వస్తా.

మావయ్య: రా. ...ఎవరో షట్టర్ కొడుతున్నారు చూడు. ఏం కావాలి బాబూ? ఎండ్ క్యాపా? ఎంతది, 75ఆ, 110ఆ? కొలత తేలేదా? అల్లుడూ, ఆ టేపు ఇటు అందుకో.