కిటికీ మొరాయిస్తే ముందు నూనె కాదు, నీళ్లు

అందరికీ నమస్కారం.

అరిజోనా ఎడారిలో, జనవరి చలికి శాలువాలు కప్పుకుని, మడత కుర్చీలు తెచ్చుకుని మరీ ఒక కిటికీ గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. అంటే మీ బండ్లలోనూ ఒక్కో కిటికీ మొరాయిస్తోందన్నమాట. ఈ క్వార్ట్‌జ్‌సైట్ ఊరికి ప్రతి చలికాలం వేలాది మోటార్‌హోమ్‌లు, అంటే లోపలే వంటిల్లు, పడకగది ఉన్న మన ఇళ్లలాంటి బండ్లు వస్తాయి. వాటితో పాటు ఇక్కడి దుమ్ము కూడా మనతో ఇంటికి వస్తుంది. ఎక్కువగా కిటికీ గాడిలో కూర్చుని వస్తుంది.

మాది పందొమ్మిదేళ్ల బండి. కొనేటప్పుడు ఇంజను చప్పుడు విన్నాం, టైర్లు తడిమాం, నిచ్చెనెక్కి పైకప్పు చూశాం. పొయ్యి పక్కనున్న కిటికీని మాత్రం ఒక్కసారి కూడా జరిపి చూడలేదు. మొదటి రాత్రి పప్పుకు పోపు పెట్టాను. ఎండుమిరపకాయల ఘాటు ఆ ఇరుకు పెట్టెలో ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా! దగ్గుకుంటూ కిటికీ లాగితే కదలలేదు. మా వారు వచ్చి తన బలం చూపించారు. పిడి ఊడి ఆయన చేతికి వచ్చింది, కిటికీ ఉన్నచోటే ఉంది.

ఘాటుదేముంది, కాసేపటికి పోతుంది. గ్యాసు పొయ్యి వెలిగించినప్పుడు కిటికీ తెరవమని పొయ్యి దగ్గర అంటించిన హెచ్చరిక మాత్రం ఊరికే రాసింది కాదు. అంత చిన్న చోట మంట గాలిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అందుకే వంటింటి కిటికీ బిగుసుకుపోతే దాన్ని చిన్న మరమ్మతుగా నేను లెక్కపెట్టను. ఎర్ర పిడి ఉన్న అత్యవసర కిటికీ మాటా అంతే. ఈ రాత్రి పడుకునే ముందు దాన్ని ఒకసారి తెరిచి చూడండి.

ఇక నా తప్పు చెబుతాను. పిడి ఊడిన మర్నాడు గరాజులో ఉన్న నూనె స్ప్రే తెచ్చి గాడి నిండా కొట్టాను. కిటికీ వెన్నలా జారింది. రెండు వారాలపాటు నా పనితనానికి నేనే మురిసిపోయాను. తరువాత ఇక్కడికి వచ్చాం. ఆ నూనె జిడ్డు ఎడారి దుమ్మును పట్టుకుని నల్లటి ముద్దగా మారింది. వేలికి రాసుకుంటే గరుకు కాగితంలా ఉంది. అంటే కిటికీ జరిపిన ప్రతిసారీ గాడిని నేనే సానపెడుతున్నానన్నమాట. అదీగాక పెట్రోలియం నూనెలు కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. తుప్పు పట్టిన బోల్టుకు ఆ స్ప్రే మంచిదే. ఇది బోల్టు కాదు.

బండి అనగానే ఇరుసుకు కందెన గుర్తొచ్చే ఇళ్లలో పుట్టినవాళ్లం కదా, ఏది కిర్రుమన్నా నూనె సీసా కోసం చెయ్యి పోతుంది. కానీ మా తాతయ్య కందెన పెట్టే రోజున ముందు చక్రం ఊడదీసి, పాత మడ్డినంతా గడ్డితో తుడిచేవారు. పొద్దున సగం ఆ తుడవడానికే సరిపోయేది. మనకు కందెన గుర్తుంది, గడ్డి గుర్తులేదు.

ఈ కిటికీల నిర్మాణం ఒకసారి చూద్దాం. అల్యూమినియం చట్రం. అందులో ఒక అద్దం కదలదు, ఇంకొకటి పక్కకు జరుగుతుంది. జరిగే అద్దం అంచుకు పైనా కిందా గాడి ఉంటుంది. చాలా బండ్లలో ఆ గాడిలో రబ్బరు పట్టీ, దాని మీద మఖమల్ లాంటి సన్నటి నూగు ఉంటాయి. అద్దం జారేది ఆ నూగు మీదే. మట్టి పేరుకుంటే నూగు అణిగి గట్టిపడుతుంది. కింది చట్రానికి బయటివైపు చిన్న చీలికలు కనిపిస్తాయి. గాడిలో పడిన వాన నీరు బయటికి పోయే దారులు అవే.

ఏదైనా చేసే ముందు బండిని జాకీల మీద సమంగా నిలబెట్టండి. ఎగుడుదిగుడు నేల మీద బండి పెట్టె కొద్దిగా మెలిక తిరుగుతుంది, దాంతో కిటికీ చట్రం కూడా బిగుస్తుంది. ఒక ఊళ్లో జారి ఇంకో ఊళ్లో పట్టేసే కిటికీకి సగం మందు ఇదే. చలి కూడా తన వంతు చేస్తుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ పడిపోతే మీటరు పొడవున్న అల్యూమినియం సుమారు 0.9 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది, అద్దం 0.4 కూడా కుంచించుకోదు. పైగా రబ్బరు గట్టిపడుతుంది. తెల్లవారుజామున కిటికీతో కుస్తీ పట్టకండి, ఎండ పడనివ్వండి.

తరువాత ఎక్కడ పట్టేస్తోందో చూడండి. పొడవునా ఒకేలా బిగువుగా ఉంటే అది మట్టి. ఒకేచోట ఆగిపోతే గులకరాయో, చచ్చిన కందిరీగో, ముడత పడిన పట్టీయో అయి ఉంటుంది. మధ్యలో మాత్రమే బిగువైతే చట్రం వంగిందేమోనని అనుమానించాలి. చాలా కిటికీలను లోపలి నుంచి ఒక చుట్టు చట్రంతో గోడకు బిగిస్తారు. ఎవరో ఉత్సాహంగా ఆ స్క్రూలను అతిగా బిగించి ఉంటారు. పావు చుట్టు వదులు చేసి చూడవచ్చు, అంతకు మించి వద్దు. వాన నీటిని ఆపే మెత్తటి బ్యూటైల్ పట్టీ ఆ బిగువు మీదే ఆధారపడి ఉంటుంది. పనిలో పనిగా కిటికీ కింద గోడను బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోతే లోపల చెక్క తడిసి కుళ్లుతోందని అర్థం. అప్పుడు మీ సమస్య కిటికీ కాదు.

ఇక కడగడం. సన్నటి మూతి ఉన్న వ్యాక్యూమ్‌తో పొడి మట్టినంతా ముందు లాగేయండి. పొడి మట్టి మీద నీళ్లు పోస్తే గాడిలో బురద అవుతుంది. గట్టిపడిన చోట పాత టూత్ బ్రష్షుతో, గుడ్డ చుట్టిన ఐస్‌క్రీమ్ పుల్లతో కదపండి. స్క్రూడ్రైవర్ జోలికి పోకండి. ఇలాంటి అద్దాలు సాధారణంగా కాచి గట్టిపరిచినవి. నడిమధ్యన దెబ్బ ఓర్చుకునే అద్దం అంచున ఇనుప మొన తగిలితే మొత్తం గులకరాళ్లలా రాలిపోతుంది.

తరువాత గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, లోపల తువ్వాలు పరిచి, అరకప్పు చొప్పున కింది గాడిలో పోయండి. కిటికీని మెల్లగా అటూ ఇటూ జరపండి. పిడి పట్టుకుని కాదు, అద్దం కింది భాగంలో అరచెయ్యి ఆనించి నెట్టండి. ఎత్తున నెడితే అద్దం ఒరిగి మరింత బిగుస్తుంది. మా వారి పాఠం ఇదే. నేను మొదటిసారి కడిగినప్పుడు బయటికి వచ్చిన నీళ్లు ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లా ఉన్నాయి. ఆరోసారికి తేటపడ్డాయి. అసలు బయటికి నీళ్లే రాకపోతే ఆ చీలికలు మూసుకుపోయినట్లు. సన్నటి ప్లాస్టిక్ పుల్లతో తెరవండి. నాకు అడ్డొచ్చింది ఒక సాలీడు గూడు. మూసుకుపోయిన చీలిక వల్ల వాన నీరు లోపలికి, గోడలోకి దిగుతుంది. బిగుసుకున్న కిటికీ అనుకుని మొదలుపెట్టి, గోడను కాపాడుకున్నవాళ్లం మేము.

పూర్తిగా ఆరాక పొడిగా ఉండే సిలికోన్ స్ప్రే వాడండి. గాడిలోకి నేరుగా కొట్టవద్దు. గుడ్డకు పట్టించి, ఆ గుడ్డతో గాడిని తుడవండి. నేల మీద తుంపర పడితే కాలు జారుతుంది. చట్రం, గోడ కలిసే చోట అసలే పడనివ్వకండి. రేపు అక్కడ సీలెంట్ వేయాల్సి వస్తే అంటుకోదు.

యూరప్‌లో తయారైన బండ్లున్నవాళ్లు ఒక్క నిమిషం. వాటిలో చాలావాటి కిటికీలు గాజు కావు, ఆక్రిలిక్. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం, ఆల్కహాల్, పెయింటు థిన్నర్ తగిలితే వాటిలో సన్నటి పగుళ్లు వస్తాయి, తిరిగి పోవు. వాటికి సబ్బునీళ్లే, మెత్తటి గుడ్డే.

నూగు రాలిపోయి రబ్బరు బోడిగా మిగిలితే కడగడం దండగ, పట్టీ మార్చాలి. పాతదానిలో వేలెడు ముక్క కోసి చేత్తో పట్టుకునే దుకాణానికి వెళ్లండి. ఫోటో చూపిస్తే సరిపోదు, గాడి వెడల్పులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా అద్దం పట్టదు. మా పడకగది కిటికీకి మూడుసార్లు తిరిగాను.

ఇక మాటలు చాలు. మా బండి రెండో వరుసలో చివరిది. వంటింటి కిటికీని మీ కోసమని నెల రోజులుగా కడగకుండా ఉంచాను. కెటిల్‌లో నీళ్లు కాగాయి, టూత్ బ్రష్షులు పది ఉన్నాయి. మా వారు కిటికీకి దూరంగా, అందరికీ టీ పోస్తూ ఉంటారు. రండి.